సమాధానం: పసుపు కాగితం నిమ్మరసంలో రంగు మారడం లేదు, మందార నీళ్లు పాడవుతున్నాయి

మేడమ్, ఆమ్లాల్ని, క్షారాల్ని రంగు మార్పుతో గుర్తించడం తరగతిలో చూపిస్తుంటే, పసుపు పూసిన కాగితం నిమ్మరసంలో రంగు మారడం లేదని, మందార పూల నీళ్లు పాడవుతున్నాయని అడిగారు. మీ పసుపు కాగితంలో లోపమేమీ లేదు. పసుపు నిమ్మరసం లాంటి ఆమ్లాల్లో రంగు మారదు, సున్నం లాంటి క్షారాల్లోనే ఎర్రబడుతుంది. పెళ్లిళ్లలో పారాణి ఎలా కలుపుతారో పిల్లల్ని అడగండి. పసుపులో సున్నం వేస్తే ఎరుపెందుకు వస్తుందో వాళ్లే చెప్పేస్తారు! అలా ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు తేలుతుంది. నిమ్మరసాన్ని చూపించాల్సింది అక్కడే.

ఇక మందారం. ఎర్ర రేకలు మాత్రమే తుంచి, వేడినీళ్లు పోసి పది నిమిషాలుంచి వడకట్టండి. ఆ నీళ్లు ఒకట్రెండు రోజులకు మించి దాచవద్దు. వారం తర్వాత గోధుమరంగుకు తిరిగాయన్నారు కదా, అది పాడవడమే. నిల్వ కావాలంటే వడపోత కాగితం ముక్కల్ని అందులో ముంచి, నీడలో ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోండి. నోటుబుక్కు కాగితం వద్దు. చాలా కాగితాల తయారీలో సుద్ద లాంటి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, అది క్షారంలా పనిచేసి ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

ఏడో తరగతికి నాకు బాగా నచ్చినది తటస్థీకరణ, అంటే ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టడం. సున్నపు తేటలో మందార నీళ్లు పోస్తే ఆకుపచ్చ. నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ పోతే గులాబీ. ఎన్ని చుక్కలు పట్టాయో పిల్లలే లెక్క రాయాలి. సున్నపు తేట మాత్రం మీరే పోయండి, కంట్లో పడితే ప్రమాదం. బాత్రూమ్ యాసిడ్ తరగతిలోకి తేనేవద్దు.

ఖర్చులేని ఇతర ప్రయోగాలకు పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా గారి బొమ్మల వెబ్‌సైట్ చూడండి, అంతా ఉచితమే.