200 మీటర్లు తీసేశారని కెనూ మానేయకు
తమ్ముడూ, మగవాళ్ల సీ1 (ఒక్కరే నడిపే కెనూ పడవ) 200 మీటర్ల పోటీ ఒలింపిక్స్‌లో లేదు కదా, ఇక కెనూ మానేయనా అని అడిగావు. మానొద్దు. బ్రెజిల్ ఆటగాడు ఇసాకియాస్ కెయిరోస్ చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి ఒక కిడ్నీ పోగొట్టుకున్నాడు, అయినా 2016 రియోలో 200లో కాంస్యం, 1000లో ఒంటరిగా ఒకటి, జంటగా ఒకటి రజతాలు తెచ్చాడు. టోక్యోకి 200 తీసేశారు, అతను 1000లో స్వర్ణమే కొట్టాడు.

200 అంటే సుమారు 40 సెకన్లు, బలమంతా పెట్టి లాగేయొచ్చు. 1000 అంటే దాదాపు 4 నిమిషాలు, మొదట్లోనే అలా లాగితే సగం దూరానికే భుజాలు బిగుసుకుపోతాయి, పడవలో ఆనించి కూర్చున్న మోకాలు తిమ్మిరెక్కుతుంది. అందుకే ముందు నిదానంగా ఎక్కువ దూరాలు నడుపు, తెడ్డు పూర్తిగా మునిగాకే లాగు. నీ వేగం ఎక్కడికీ పోదు, చివరి 200లో అదే పనికొస్తుంది.