ఇంధనం అయిపోయి చిన్న విమానం కూలింది, పరిహారం ఎవరిని అడగాలి?

సందేహం: మా తమ్ముడు స్నేహితుడు నడిపే నాలుగు సీట్ల విమానంలో వెళ్లాడు, ఇంధనం ఖర్చులో సగం తనే ఇచ్చాడు. దిగాల్సిన ఎయిర్‌ఫీల్డ్ కాస్త దూరంలో ఉండగా ఇంజిన్ ఆగిపోయి పొలంలో పడ్డారు. తమ్ముడి వెన్నెముక దెబ్బతింది, ఇంకా నడవలేకపోతున్నాడు. గేజ్‌లో ఇంధనం కనిపించింది, నా తప్పేం లేదని స్నేహితుడు అంటున్నాడు. విమానం అద్దెకిచ్చిన క్లబ్బేమో ఎక్కేముందు మీవాడు సంతకం పెట్టాడుగా అంటోంది. ఇన్సూరెన్స్ వాళ్లు కొంత మొత్తం ఇస్తాం, కాగితం మీద సంతకం చెయ్యమంటున్నారు. స్నేహితుడి మీద కేసంటే తమ్ముడికి మనసు రావడం లేదు. ఏం చెయ్యాలి?

సమాధానం: ముందు ఆ కాగితం మీద సంతకం చెయ్యకండి. అలాంటి వాటిలో ఇకపై ఎవరి మీదా ఎలాంటి క్లెయిమూ ఉండదని ఒక వాక్యం ఉంటుంది, అది ఒక్కసారి ఒప్పుకున్నాక రేపు రెండో ఆపరేషన్ అవసరమైనా ఆ ఖర్చు మీదే. వెన్నెముక గాయం ఎక్కడికి తేలుతుందో డాక్టర్లు చెప్పేదాకా మొత్తం గురించి మాట్లాడకండి.

ఇక అసలు ప్రశ్న, ఇంజిన్‌కి ఇంధనం ఎందుకు అందలేదు? ఇందులో రెండు రకాలున్నాయి, మీ కేసు ఎవరి మీద నిలబడుతుందో దీన్నిబట్టే ఉంటుంది. ట్యాంకులు నిజంగా ఖాళీ అయిపోతే బాధ్యత ఎక్కువగా పైలట్ మీదికే వస్తుంది, ఎందుకంటే బయల్దేరేముందు ట్యాంకులో డిప్‌స్టిక్ (ఇంధనం ఎంతుందో కొలిచే పుల్ల) పెట్టి చూసుకోవడం, ఎదురుగాలిని కలుపుకుని లెక్కేసుకోవడం, గమ్యం చేరాక కూడా పగలైతే కనీసం 30 నిమిషాలు, రాత్రైతే 45 నిమిషాలు ఎగిరేంత మిగిలేలా నింపుకోవడం అతని పని, ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లోనే ఉంది. చిన్న విమానాల గేజ్‌లను గుడ్డిగా నమ్మకూడదని పైలట్ శిక్షణలోనే చెబుతారు. అందుకే 'గేజ్‌లో కనిపించింది' అన్న మాట అతన్ని పెద్దగా కాపాడదు.

రెండో రకంలో ఒక ట్యాంకులో ఇంధనం ఉంటుంది, ఇంజిన్‌కి మాత్రం చేరదు. పైపర్ చెరోకీ లాంటి వాటిలో ఎడమ, కుడి ట్యాంకులను పైలటే చేత్తో మార్చుకోవాలి, మరిచిపోతే పైలట్ తప్పు. కానీ ట్యాంకు మార్చే వాల్వ్ బిగుసుకుపోయినా, గొట్టం కారినా, గేజ్ పాడైందని ముందే రాసిపెట్టినా పట్టించుకోకుండా అద్దెకిచ్చినా, క్లబ్బు, మరమ్మతు చేసినవాళ్లు కూడా కేసులోకి వస్తారు. 1997లో గాయకుడు జాన్ డెన్వర్ చనిపోయిన ప్రమాదం గుర్తుందా? అది సొంతంగా కట్టిన లాంగ్-ఈజీ రకం విమానం. ట్యాంకు మార్చే పిడిని, దాన్ని కట్టినతను డిజైన్‌లో చూపినచోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు, దర్యాప్తులో అది ప్రధాన విషయమైంది. పైలట్ ఒక్కడి తప్పేనని తొందరపడి అనుకోకూడదని చెప్పడానికే ఇది చెబుతున్నా.

దర్యాప్తు నివేదిక వస్తే గెలిచినట్టేనని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పౌర విమానయానంపై దేశాలు చేసుకున్న చికాగో ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తు మళ్లీ అలాంటిది జరగకుండా చూడటానికే, తప్పెవరిదో తేల్చడానికి కాదు. అమెరికాలోనైతే దర్యాప్తు సంస్థ తేల్చిన కారణాన్ని పరిహారం కేసులో సాక్ష్యంగా వాడటాన్ని చట్టమే నిషేధించింది, అక్కడ సేకరించిన వాస్తవాలను మాత్రం వాడుకోవచ్చు. కాబట్టి మీ సాక్ష్యం మీరే కూడబెట్టుకోవాలి.

ఇక్కడ ఆలస్యం చెయ్యకండి. చిన్న విమానాల్లో సాధారణంగా బ్లాక్ బాక్స్ ఉండదు. ఇంధనం కొన్న రసీదు, బయల్దేరేముందు వేసిన బరువుల లెక్క, విమానం లాగ్‌బుక్కు, కంట్రోల్ టవర్ రికార్డింగు, పైలట్ ట్యాబ్‌లోని జీపీఎస్ డేటా, కూలినచోట తీసిన ఫోటోలు, వాల్వ్ ఏ ట్యాంకు వైపు తిరిగి ఉందో ఆ వివరం, ఇవన్నీ కావాలి. శిథిలాలను ముక్కలుగా అమ్మేయొద్దని, మీ నిపుణుడు చూసేదాకా అలాగే ఉంచమని క్లబ్బుకీ ఇన్సూరెన్స్‌కీ లాయర్ ద్వారా వెంటనే నోటీసు ఇప్పించండి. టవర్ రికార్డింగులు కొన్నాళ్లకి చెరిపేస్తారు.

క్లబ్బు చూపించే సంతకానికి భయపడకండి. ఆ కాగితంలో ఏముందో చదవాలి, మామూలు ప్రమాదాలకు ఒప్పుకున్నంత మాత్రాన ఘోరమైన నిర్లక్ష్యానికీ ఒప్పుకున్నట్టని చాలా దేశాల కోర్టులు అనుకోవు. ఖర్చులో సగం ఇచ్చిన విషయం మాత్రం జాగ్రత్త. దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు తీసుకుని తిప్పిన ప్రయాణంగా చూపించి పాలసీ వర్తించదని అనొచ్చు. ఖర్చు పంచుకోవడం వేరు, టికెట్ అమ్మడం వేరు, చాలాచోట్ల మొదటిది చెల్లుతుంది. ఎంత ఇచ్చాడో రుజువు దాచండి, ఫోన్‌లో వాళ్లకేం చెప్పకండి, రాతపూర్వకంగానే మాట్లాడండి. కేసు వెయ్యడానికి గడువు దేశాన్నిబట్టి మారుతుంది, కొన్నిచోట్ల చాలా తక్కువ, కాబట్టి ప్రమాదం జరిగిన చోటి లాయర్‌తో ముందుగా ఆ తేదీ తేల్చుకోండి.

స్నేహితుడి సంగతి. కేసు అతని పేరు మీద ఉన్నా, పాలసీ వర్తిస్తే దాని పరిమితి వరకు డబ్బిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ, అతని తరఫున లాయర్‌ను పెట్టేదీ సాధారణంగా వాళ్లే. మీ తమ్ముడు ఈ మాట అతనితో నేరుగా చెప్పి, పాలసీ కాపీ ఇవ్వమని అడగొచ్చు. ఒక్కో ప్రయాణికుడికి పరిమితి ఎంతో అందులోనే ఉంటుంది.