లైట్లు వెలుగుతున్నా కీబోర్డు, మౌస్ ఆగిపోతుంటే ఎక్కడ వెతకాలి?

మీ సమస్య నాకర్థమైనంతవరకు ఇది: విడిభాగాలు తెచ్చుకుని సొంతంగా బిగించుకున్న పీసీ. కీబోర్డు, మౌస్ రెండూ వెలుగుతాయి, కానీ ఉండుండి నాలుగైదు సెకన్లు పనిచేయవు, మళ్లీ వాటంతటవే వస్తాయి. పైగా ఆన్ చేసినప్పుడు డిలీట్ కీ ఎంత నొక్కినా మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్ ఉండే బయోస్‌లోకి వెళ్లదు. కీబోర్డు మార్చి చూసినా తేడా లేదు.

అచ్చం ఇవే లక్షణాలతో నేను మూడు వారాలు సతమతమయ్యాను. నేనూ ముందు కీబోర్డే మార్చాను, తర్వాత విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేశాను. రెండూ వృథా అయ్యాయి. ఆ రెండు లక్షణాలకీ కారణం ఒకటే అనుకోవడం వల్ల దారి తప్పాను. తీరా చూస్తే అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు. మీ పీసీలోనూ అంతే అయి ఉంటుందని నా గట్టి అనుమానం. అందుకే ముందు రెండిటినీ విడదీసి చూడమంటున్నాను.

మొదట ఆ లైట్ల సంగతి. లైటు వెలుగుతోందంటే పోర్టు బాగున్నట్టే అనుకుంటాం. కానీ యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి: ఒకటి 5 వోల్టుల కరెంటు, ఒకటి గ్రౌండ్, మిగతా రెండూ డేటాకి. డేటా తీగల్లో ఒక్కదానికి కాంటాక్టు సరిగ్గా లేకపోయినా లైటు మామూలుగానే వెలుగుతుంది, కీబోర్డు మాత్రం కంప్యూటర్‌కి కనబడదు. కాబట్టి లైటును నమ్మి పోర్టును వదిలేయకండి.

ఇవాళ చేయాల్సిన పని ఒకటే. కీబోర్డు, మౌస్ రెండిటినీ కేబినెట్ ముందువైపు పోర్టుల్లోంచి తీసి, వెనకవైపు మదర్‌బోర్డుకే ఉన్న పోర్టుల్లో పెట్టండి. మధ్యలో హబ్, ఎక్స్‌టెన్షన్ వద్దు. ఒక రోజంతా అలాగే వాడండి, ఇంకేమీ మార్చకండి. నేనలా వాడిన రోజు ఒక్కసారి కూడా ఆగలేదు. డిలీట్ కీ మాత్రం అప్పుడూ పనిచేయలేదు. ఉన్నవి రెండు లోపాలని తెలిసింది ఆ రోజే.

వెనక బాగుండి ముందు ఆగుతుంటే కేబినెట్ తెరవాల్సిందే. ముందు పోర్టుల నుంచి వచ్చే వైరు మదర్‌బోర్డు మీద హెడర్ అనే పిన్నుల గుంపుకి తగులుతుంది. యూఎస్‌బీ 2.0 హెడర్‌కి రెండు వరసల్లో 9 పిన్నులు, ఒక్కో వరస ఒక్కో పోర్టుకి. యూఎస్‌బీ 3.0 హెడర్‌కి 19 పిన్నులు. మనమే బిగించుకున్న పీసీలో ఈ జాయింటును మనం తప్ప ఎవరూ పరీక్షించి ఉండరు.

నా పీసీ చూపించిన విచిత్రం ఏమిటంటే, చూద్దామని డోర్లు తీస్తే అంతా సవ్యంగా నడిచేది. మూసి స్క్రూలు బిగిస్తే గంటలోపే మళ్లీ మొదలు. మూడుసార్లు అలా జరిగాక పవర్ కేబుల్ పీకేసి, కేబినెట్‌ని పక్కకి పడుకోబెట్టి టార్చి వేసి చూశాను. హెడర్ బోర్డు కింది అంచున ఉంది. కనెక్టరు ఒక చివర పూర్తిగా దిగింది, రెండో చివర గోరు మందాన పైకి లేచి ఉంది. మెల్లగా లాగి చూస్తే అంచున ఉన్న పిన్ను ఒకటి పక్కకి ఒరిగిపోయి ఉంది. అసెంబుల్ చేసిన రోజు వంకరగా పెట్టి నొక్కేశాను. బోర్డు వెనక నేను కట్టగట్టిన వైర్లను వెనక డోరు నొక్కినప్పుడల్లా ఈ వైరు బిగుసుకుని, ఉన్న కాస్త కాంటాక్టూ ఊడిపోతోంది. డోరు తీస్తే వైరు వదులై మళ్లీ తగులుతోంది.

సన్న మొన ఉన్న ట్వీజర్స్‌తో పిన్నును కొద్దికొద్దిగా నిలబెట్టాను. ఒక్కసారే వంచితే విరుగుతుంది, అక్కడ మాత్రం తొందరపడకండి. వైరును వదులుగా ఉండేలా వేరే దారిలో తిప్పి, కనెక్టరును నిటారుగా దించాను. ఆ తర్వాత ముందు పోర్టులు ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. మీరు చేసేటప్పుడు ఒక జాగ్రత్త: బోర్డు మీద ఆడియో హెడర్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, పిన్ను లేని ఖాళీ మాత్రం వేరే చోట ఉంటుంది. ఆ ఖాళీ ఎక్కడుందో చూసుకుని పెట్టండి, దిగకపోతే బలవంతంగా నొక్కకండి. లోపల చెయ్యి పెట్టేముందు కేబినెట్ ఇనుము తాకితే ఒంట్లో స్టాటిక్ పోతుంది.

ఇక డిలీట్ కీ. చాలా బోర్డుల బయోస్‌లో ఫాస్ట్ బూట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, తొందరగా విండోస్‌లోకి వెళ్లడం కోసం బోర్డు యూఎస్‌బీ పరికరాలను మొదట్లో పలకరించకుండానే ముందుకెళ్లిపోవచ్చు. అప్పుడు మీరు నొక్కే కీ వినేవాళ్లే ఉండరు. విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ వేరు, ఇది వేరు. కీ కొట్టకుండానే బయోస్‌లోకి వెళ్లే దారి ఉంది: విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ స్టార్టప్ దగ్గర రీస్టార్ట్ నౌ నొక్కండి, తర్వాత ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. లోపల ఫాస్ట్ బూట్ ఆఫ్ చేయండి, లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ అనేది కనిపిస్తే ఆన్ చేయండి. నాకు ఇక్కడితోనే ఆ బాధ తీరింది. విండోస్‌లోకి కూడా వెళ్లలేని పరిస్థితి అయితే సీమాస్ (బయోస్ సెట్టింగ్స్ దాచుకునే మెమరీ) క్లియర్ చేయడమే, కానీ దాంతో ర్యామ్ ప్రొఫైల్, బూట్ వరస లాంటివన్నీ మొదటికొస్తాయి. బయోస్‌లోకి వెళ్లగలిగినప్పుడే ఆ సెట్టింగ్స్ ఫోటోలు తీసి పెట్టుకోండి.

వెనక పోర్టుల్లో కూడా ఆగుతుంటే కథ వేరు. బయోస్ స్క్రీన్‌లో కీబోర్డు పది నిమిషాలు ఆగకుండా పనిచేసి, విండోస్‌లోనే ఆగుతుంటే డివైస్ మేనేజర్ తెరవండి. యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అని ఉన్న టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆఫ్ చేసి చూడండి. మీది ఏఎండీ 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డయితే బయోస్ ఎప్పటిదో చూడండి. ఆ బోర్డుల్లో యూఎస్‌బీ మధ్యమధ్యలో తెగిపోతోందని 2021లో ఆ కంపెనీయే ఒప్పుకుని, బయోస్‌లో భాగంగా వచ్చే ఏజీసా అనే తన కోడ్ 1.2.0.2 వెర్షన్‌తో సవరణ ఇచ్చింది. పాత బయోస్ మీదే ఉంటే ముందు అప్‌డేట్ చేయండి.

వైర్‌లెస్ మౌస్ అయితే ఇంకోటి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో రేడియో రొద పుట్టిస్తాయి, చాలా మౌస్ రిసీవర్లు పనిచేసేది సరిగ్గా అక్కడే. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే పాయింటర్ తడబడుతుంటే రిసీవర్‌ని ఆ పోర్టు పక్కనుంచి తీసేసి, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్‌కి దగ్గరగా పెట్టండి. హబ్, ఎక్స్‌టెన్షన్ వద్దని పైన చెప్పింది పరీక్ష చేసే ఆ ఒక్క రోజుకే.

వెనక పోర్టుల్లో ఒక రోజు వాడాక ఏమైందో, మీ బోర్డు మోడల్ ఏమిటో రాయండి. కేబినెట్ తెరిస్తే ఆ కింది హెడర్‌ని దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టండి, పిన్నులు ఎలా ఉన్నాయో చూసి చెబుతాను.