ఉప్పునీళ్లకు లొంగని బోల్టు మిథనాల్‌కు లొంగుతుందా?

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో రెండు చోట్ల 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు నిలవడం లేదు. ఒకటి క్లోరిన్ స్క్రబ్బర్, అంటే క్లోరిన్ వాయువును ద్రావణంతో కడిగి తీసేసే పరికరం, అందులో తిరిగేది సోడియం హైపోక్లోరైట్. రెండోది 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ట్యాంకు పైమూత. ఏడాది తిరక్కుండానే బోల్టు తలలు తినుకుపోతున్నాయి. రెండింటికీ టైటానియం గ్రేడ్ 2 (వేరే లోహం కలపని రకం) వేసేయమని సప్లయర్ అంటున్నారు. వేయవచ్చా?
– మెయింటెనెన్స్ ఇంజనీరు, పరవాడ

జవాబు: స్క్రబ్బర్‌కు నిశ్చింతగా వేయండి. యాసిడ్ ట్యాంకుకు వద్దు.

టైటానియం స్వతహాగా చాలా చురుకైన లోహం. దాన్ని కాపాడేది పైన కట్టుకునే ఆక్సైడ్ పొర. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా, అక్కడికి కాస్త తేమో ఆక్సిజనో అందితే చాలు, వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. హైపోక్లోరైట్, తడి క్లోరిన్, సముద్రపు నీరు, మామూలు నైట్రిక్ యాసిడ్ ఈ పొరకు బలం ఇచ్చేవే. స్టెయిన్‌లెస్‌ను గుంటలు గుంటలుగా తినే క్లోరైడ్ టైటానియాన్ని ఏమీ చేయలేనిది అందుకే. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ సంగతి వేరు. అది పొరనే కరిగించేస్తుంది. మళ్లీ కట్టుకునే వీలుండదు. బోల్టు సన్నబడటమే కాదు, హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది కూడా. గది వేడిమిలోనైనా ఈ యాసిడ్ నాలుగైదు శాతం దాటిన చోట గ్రేడ్ 2 మీద భరోసా పెట్టుకోకండి. మీ ట్యాంకు మూతకు హస్టెల్లాయ్ సీ-276 అనే నికెల్ మిశ్రలోహపు స్టడ్డులు (తల లేని బోల్టులు) అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ అక్కడ పనికొచ్చేది అదే.

స్క్రబ్బర్‌కు తెచ్చిన బోల్టులు మిగిలాయని పక్క లైనుకు వాడే అలవాటు మన ప్లాంట్లలో ఉంది. దయచేసి అది మానండి. పొడి క్లోరిన్‌లో, అంటే తేమ ఒక శాతం కూడా లేని క్లోరిన్‌లో, టైటానియం మంటలంటుకుని కాలిపోతుంది. తడి క్లోరిన్‌లో ఏళ్ల తరబడి నిలిచిన బోల్టే ఇక్కడ అగ్గిపుల్ల అవుతుంది. ఎర్రటి పొగలు కక్కే గాఢమైన రెడ్ ఫ్యూమింగ్ నైట్రిక్ యాసిడ్‌లో పేలుడు ప్రమాదమే ఉంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, ఫ్లోరైడ్ కలిసిన ఆమ్ల ద్రావణాలు కొద్దిపాటివైనా పొరను తినేస్తాయి. ఇక మందుల ఫ్యాక్టరీల వాళ్లు మర్చిపోకూడనిది మిథనాల్. నీరు 2 శాతం కంటే తక్కువున్న మిథనాల్ తగిలితే, బిగువులో ఉన్న టైటానియం బోల్టు పైకి ఏ తుప్పూ కనబడకుండానే పగుళ్లిస్తుంది.

ఇంకో మాట. గాస్కెట్ కింద, వాషర్ కింద నిలిచిన ఉప్పునీరు సుమారు 75 డిగ్రీలు దాటి వేడెక్కితే గ్రేడ్ 2 కూడా ఆ సందులో తినిపోవడం మొదలవుతుంది. అక్కడికి స్వల్పంగా పల్లాడియం కలిసిన గ్రేడ్ 7, లేదా నికెల్, మాలిబ్డినం కలిసిన గ్రేడ్ 12 తీసుకోవాలి.

ప్రశ్న: కొత్తగా వేసిన ఎం12 (12 ఎంఎం మందం) గ్రేడ్ 2 బోల్టుల్లో రెండింటికి నట్టు సగంలో పట్టేసింది, ముందుకూ రాదు వెనక్కూ పోదు. ఒకటి బిగిస్తుంటే సాగిపోయింది. స్టెయిన్‌లెస్‌కు వాడే 45 న్యూటన్ మీటర్ల టార్కే (తిప్పి బిగించే బలం) పెట్టాం. సరుకు నాసిదా?
– ఫిట్టర్, కాకినాడ

జవాబు: సరుకును అనుమానించే ముందు లెక్క చూడండి. ఎం12 మర దగ్గర భారం మోసే వైశాల్యం 84.3 చదరపు ఎంఎం. గ్రేడ్ 2 కనీస యీల్డ్ బలం, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు, చదరపు ఎంఎంకు 275 న్యూటన్లు. గుణిస్తే 23,200 న్యూటన్లు దాటితే బోల్టు శాశ్వతంగా సాగవచ్చు. పేస్టు పూసిన మర మీద 45 న్యూటన్ మీటర్లు పెడితే లాగుడు సుమారు 25,000 న్యూటన్లు వస్తుంది. 316లో ఏ4-70 రకానికి యీల్డ్ బలం 450 కాబట్టి అది తట్టుకుంది, ఇది సాగింది. యీల్డ్‌లో 65 శాతం దగ్గర ఆగాలంటే మీ బోల్టుకు 27 న్యూటన్ మీటర్లు చాలు. ఆ బిగువు ఫ్లాంజ్‌కు (గొట్టాలను కలిపే అంచు బిళ్లకు) చాలకపోతే పానా మీద ఇంకా బలం వేయకండి. బోల్టు సైజు పెంచండి, లేదా ఆ రసాయనానికి సరిపడితే ఇంకా బలమైన టైటానియం మిశ్రలోహం గ్రేడ్ 5 వేయండి.

నట్టు పట్టేయడం టైటానియానికి పుట్టుకతో వచ్చిన గుణం. మర మీద మర రాసుకునేటప్పుడు పొర చిరిగి, లోహం లోహానికి అంటుకుపోతుంది. మరను ముందు బ్రష్‌తో శుభ్రం చేయండి. మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్టును మర నిండా, నట్టు వాషర్‌కు ఆనే ముఖం మీద కూడా పూయండి. హైపోక్లోరైట్, క్లోరిన్ లైన్లలో మామూలు గ్రీజు ఆధారం ఉన్న పేస్టు వద్దు, అక్కడికి ఫ్లోరినేటెడ్ గ్రీజే వాడాలి. నట్టు చివరి దాకా వేళ్లతో తిరగాలి. వేళ్లకు గరుగ్గా తగిలితే అక్కడే ఆపి వెనక్కి తిప్పి చూడండి. ఇంపాక్ట్ గన్ అసలు ముట్టుకోకండి, ఆ వేగానికే మర అంటుకుంటుంది. కాడ్మియం పూత నట్టు కూడా వద్దు, దాని తాకిడికి టైటానియం పెళుసవుతుంది. ఇప్పటికే పట్టేసిన రెండింటితో కుస్తీ పడొద్దు, కోసి తీసేయండి.

వేడి లైనైతే మరో పని ఉంది. 100 ఎంఎం పొడవున, వేడి 60 డిగ్రీలు పెరిగితే 316 ఫ్లాంజ్ 0.096 ఎంఎం పెరుగుతుంది, టైటానియం బోల్టు 0.052 మాత్రమే. వేడిలో బిగువు ఎక్కువై టెఫ్లాన్ గాస్కెట్ నలుగుతుంది, చల్లారాక వదులై కారుతుంది. మొదటిసారి వేడెక్కి చల్లారిన తర్వాత మళ్లీ టార్క్ చూడండి.

ప్రశ్న: ఫైబర్ బోటుకు బోల్టులన్నీ టైటానియం వేయిస్తే మంచిదా?
– బోటు యజమాని, విశాఖపట్నం

జవాబు: అన్నీ అక్కర్లేదు. డెక్ మీద రోజూ మంచినీళ్లతో కడిగే చోట 316 సరిపోతుంది. నీటి కింద, సీలెంట్ లోపల గాలి ఆడక 316 గుంటలు పడే చోట, విప్పడానికి బోటును ఒడ్డెక్కించాల్సిన చోట టైటానియం ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది. అల్యూమినియం భాగానికి వేస్తే మాత్రం జాగ్రత్త. ఉప్పునీళ్లలో ఆ రెండూ తాకితే తినిపోయేది అల్యూమినియమే. బోల్టు చుట్టూ నైలాన్ గొట్టం, తల కింద నైలాన్ వాషర్, పైన పాలీసల్ఫైడ్ సీలెంట్ పెట్టించండి. ప్రొపెల్లరు షాఫ్ట్‌ను ఇంజనుకు కలిపే షాఫ్ట్ కప్లింగ్‌లోని 8.8 రకం ఉక్కు బోల్టుల స్థానంలో గ్రేడ్ 2 ఎప్పుడూ వేయకండి. వాటి తెగే బలం చదరపు ఎంఎంకు 800 న్యూటన్లు, దీనిది 345. అక్కడికి 895 బలమున్న గ్రేడ్ 5 కావాలి. సముద్రంలో అంటుకునే గుల్లలు టైటానియానికీ పడతాయి, వాటి కింద లోహం మాత్రం చెడదు.

ప్రశ్న: నీలం రంగు బోల్టులు కొన్నాను. నిజంగా టైటానియమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రంగు రుజువు కాదు. అనోడైజ్ చేసిన, అంటే కరెంటుతో పొరను మందం చేసిన టైటానియానికి ఆ రంగు పెయింటు వల్ల రాదు, ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వెలుగు అలా కనిపిస్తుంది. దాన్ని చూసి పెయింటుతో నకలు చేయడం తేలికే. అయస్కాంతమూ తేల్చదు, అది 316కు కూడా అంటుకోదు. బోల్టును తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, దారానికి కట్టిన బోల్టును అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచండి. బోల్టు 45 గ్రాములుండి కాటా 10 చూపితే, 45ను 10తో భాగించగా సాంద్రత 4.5, అది టైటానియమే. స్టెయిన్‌లెస్‌కు 7.9 వస్తుంది. ఈ పద్ధతిలో గ్రేడ్ 2కూ గ్రేడ్ 7కూ తేడా తెలియదు. బోల్టు చేసిన బార్ మిధాని (హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ)దైనా విదేశాలదైనా హీట్ నంబరున్న (ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే) 3.1 సర్టిఫికెట్, అంటే తయారీదారు ఇచ్చే పరీక్ష పత్రం, అడగండి. కెమికల్ లైనుకైతే లోహంలో ఏమేం కలిసిందో చూపే ఎక్స్‌రే గన్‌తో బోల్టు బోల్టునూ పరీక్ష చేయించాకే స్టోరులో పెట్టండి.