లయన్స్ క్లబ్ అనగానే కంటి శిబిరమే ఎందుకు గుర్తొస్తుంది?

దీనికి మూలం 1925లో ఉంది. అమెరికాలోని ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభలో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడి, అంధుల పక్షాన నిలబడమని సభ్యులను కోరారు. అప్పటినుంచి కంటి సేవ వాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటైంది.

నాకు బాగా నచ్చేది తెల్లకర్ర కథ. 1930లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ఒక అంధుడు నల్లకర్రతో రోడ్డు దాటలేక అవస్థ పడటం క్లబ్ సభ్యుడు జార్జ్ బోనమ్ కంటపడింది. నల్లటి రోడ్డు మీద నల్లకర్ర బండి నడిపేవాళ్లకు ఎలా ఆనుతుంది? అందుకే తెల్లరంగు, ఎర్ర పట్టీ వేయించారు. తెల్లకర్ర పట్టుకున్నవారికి దారివ్వాలని ఆ ఊరు అదే ఏడాది నిబంధన కూడా పెట్టింది. ఇంగ్లండులో అంతకుముందే ఒకాయన తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

మన దగ్గర ఎక్కువగా జరిగేవి శుక్లాల శిబిరాలు. పరీక్ష ఏ బడిలోనో చేస్తారు, ఆపరేషన్‌కు మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్తారు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.