అల్లుడూ, క్రాసింగ్ చేసే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ బేస్‌మెంట్‌లో వేసిన బొమ్మ రైలు లేఅవుట్ ఫొటోలు చూశాను. మెయిన్ లైను మలుపు తిరిగే చోటే బ్రాంచి లైను దాన్ని దాటాలన్నావు. అక్కడ పట్టే క్రాసింగ్ షాపులో దొరకదు. 30, 45, 60, 90 డిగ్రీలవి అమ్ముతారు గానీ అవి తిన్నటి పట్టాలకే. వంపు మీద కూర్చునేది చేత్తో చేసుకోవాల్సిందే. ఉద్యోగమంతా అసలు పట్టాల మీద గడిపి, రిటైరయ్యాక ఈ బుల్లి పట్టాల పిచ్చిలో పడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

చెయ్యి కుదరడానికి ముందు నాగపూర్‌లో అసలు పట్టాలు దాటుకున్నట్టు, నిలువూ అడ్డమూ దాటే క్రాసింగ్ ఒకటి చెయ్యి. పాడైతే పారెయ్.

నీ చోటికి మాత్రం కంప్యూటర్లో గీసుకున్న బొమ్మ కావాలి. అందులో ఒక పక్కన 100 మిల్లీమీటర్ల గీత కూడా గీసి, ప్రింటయ్యాక స్కేలు పెట్టి కొలువు. నా మొదటిదానికి ప్రింటర్ బొమ్మను పేజీకి సరిపడేలా కుదించేసింది, నేను చూసుకోలేదు. పట్టాల మధ్య దూరం చూసే గేజ్ కూడా పెట్టకుండా గీతల మీదే రెండు సాయంత్రాలు కూర్చుని అతికించాను. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు ఉండాల్సింది 16 వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గేజ్ లేకుండా అడుగు వెయ్యని మనిషిని! మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

స్లీపర్లకి రాగి పూత ఉన్న పట్టీలు కొను. పట్టా నీ లైన్లో ఉన్న ఎత్తుదే ఉండాలి. నీది కోడ్ 83 అయితే ఎత్తు 0.083 అంగుళం, అంటే 2.1 మిల్లీమీటర్లు. రాగినీ పట్టా అడుగునీ గరుకు కాగితంతో రుద్ది, సోల్డరింగ్ పేస్ట్ రాసి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌తో చప్పున అతికించి తీసెయ్. ఎక్కువసేపు పెడితే పక్క అతుకు ఊడొస్తుంది.

మెయిన్ లైను పట్టాలు రెండూ తెగకుండా వేసి, గేజ్ చూసుకో. బ్రాంచి పట్టాల్ని ముక్కలుగా కోసి, చివర్లు ఆకురాయితో అరగదీసి వాటికి ఆనించు. లోపల చెక్ రైళ్లు, అంటే చక్రం దారి తప్పకుండా పట్టుకునే పట్టా ముక్కలు పెట్టు. సందులన్నీ సోల్డరింగ్ లెడ్డుతో నింపెయ్. అది చల్లారాక చక్రాల అంచులు పోయే దారుల్ని హాక్సా బ్లేడు ముక్కతో కొయ్యి. బ్రాంచి చక్రాల కోసం మెయిన్ పట్టాల్నీ కొయ్యాలి. అంత చక్కగా వేసిన పట్టాని కొయ్యడానికి చెయ్యి రాదు, కానీ తప్పదు.

అసలు పని అంతా ఈ కోతలోనే ఉందిరా. మన బ్రాడ్ గేజ్‌లో క్రాసింగ్ ముక్కుకి, అంటే రెండు పట్టాలు కలిసే మొనకి ఎదురుగా చెక్ రైలు సందు 44 నుంచి 48 మిల్లీమీటర్లు. నీ మోడల్ అసలుదానిలో 87వ వంతు కాబట్టి దాన్ని 87తో భాగిస్తే అర మిల్లీమీటరు వస్తుంది. ఆ లెక్కన కోస్తే నీ బండి పోదు, మోడల్ చక్రాల అంచులు నిష్పత్తి కంటే లావు. అలాగని వెడల్పు చేశావో, ప్రతి మూలలోనూ చక్రం డబ్బున పడుతుంది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్లు అమ్మే రేకు గేజ్ ఒకటుంది, అది కొను. సందు 1.27 మిల్లీమీటర్లు దాటనివ్వకు. తక్కువ కోసి, బోగీ దొర్లించి, పట్టేస్తే ఇంకాస్త గీకు. ఎక్కువ కోస్తే మళ్లీ లెడ్డు నింపి మొదటికి రావాలి. నేను మూడుసార్లు వచ్చాను.

కరెంటు సంగతి. నాలుగు మూలల్లో రెండింటి దగ్గర ప్లస్, మైనస్ పట్టాలు ఒకదానికొకటి తగులుతాయి. ఆ రెండు మూలలకీ అన్ని వైపులా పట్టాని సన్నగా కోసి విడదియ్యి, సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి అతికించు. లేకపోతే వేడికి పట్టా సాగి మళ్లీ కలుస్తుంది. స్లీపర్ల మీద రాగిని కూడా పట్టాల మధ్య గీకి తెంపు. ఒక్కో స్లీపరు అతికించగానే మల్టీమీటర్ పెట్టి బీప్ రాకుండా చూసుకో, ఆఖర్న చూద్దామనుకోకు. నేను అలా అనుకుని ఒక ఆదివారమంతా షార్ట్ ఎక్కడుందో వెతికాను. తీరా చూస్తే గాడిలో ఇరుక్కున్న రాగి పొట్టు! విడదీసిన ఆ మూలల్లో కరెంటుండదు. పెద్ద ఇంజన్లు దాటేస్తాయి గానీ చిన్న షంటింగ్ ఇంజను ఆగిపోవచ్చు. అప్పుడు ప్లస్ మైనస్‌లని దానంతటదే మార్చే చిన్న బోర్డు తగిలించుకో.

కరెంటు ఇచ్చే ముందు ఖాళీ బోగీని వేలితో నాలుగు వైపుల నుంచీ తోసి చూడు. కళ్లు మూసుకుని తొయ్యి, ఎక్కడ తడుముకుంటుందో వేలికే తెలుస్తుంది. ఆ చోట ఆకురాయితో రెండు గీతలు, అంతే.

మొదటి బండి దాటేటప్పుడు వీడియో పంపు. ఫోన్ పట్టాల పక్కనే పెట్టు, చప్పుడు వినాలి నేను.

ఇట్లు,
మావయ్య