డ్రెస్సింగ్ చేయడం వచ్చు, పుండును అంచనా వేయడం రావట్లేదు: ఎలా నేర్చుకోవాలి?

చెల్లీ, చిత్తూరులో సర్జికల్ వార్డులో ఏడాదిగా చేస్తున్నానని, రౌండ్స్‌లో డాక్టరు గారు "పోయిన వారం కన్నా ఈ పుండు తగ్గిందా, పెరిగిందా?" అంటే ఏం చెప్పాలో తెలియలేదని రాశావు. నేను తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సుని. మొదటి ఆరేళ్లు నా నోట్స్‌లోనూ "డ్రెస్సింగ్ అయింది, గాయం శుభ్రంగా ఉంది" తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. షుగరు మనిషి. మొక్కు ఉందని అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఒట్టి కాళ్లతో ఎక్కాడు. బొటనవేలి కింద బొబ్బ లేచి పగిలింది. కాలు మొద్దుబారి ఉంది కాబట్టి నొప్పి తెలియలేదు. మా దగ్గరికి వచ్చేసరికి రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ ఆనెకాయలా గట్టిపడిన చర్మం. పది రోజులు ముగ్గురం మార్చి మార్చి కట్టు కట్టాం. ముగ్గురం "చిన్న పుండు, శుభ్రం" అనే రాశాం. పదకొండో రోజు సర్జన్ గారు స్టెరైల్ ప్రోబ్ (లోతు చూసే సన్నటి లోహపు కడ్డీ) పెట్టి చూస్తే గట్టిగా ఎముక తగిలింది. వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ పది రోజుల నోట్స్ తిరగేస్తే లోతు అన్న మాటే ఎక్కడా లేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కట్టు విప్పగానే పాత కట్టు గుడ్డను పారేయను. రసి ఎన్ని పొరలు తడిపింది, రంగేంటి అని చూస్తాను. తర్వాత సెలైన్‌తో కడిగాకే పుండును చూస్తాను, వాసన కూడా అప్పుడే లెక్క. కడగకముందు కనిపించేది పాత మందూ చీమూ, పుండు కాదు. ల్యాబ్ పరీక్షకు స్వాబ్ (పుండు మీద దూదిపుల్లతో తీసే నమూనా) పంపాలన్నా కడిగాకే తీయాలి.

ఇక కొలత. రోగి తల వైపు గడియారంలో 12 అనుకో, పాదాల వైపు 6. పొడవు 12 నుంచి 6 వైపుకు, వెడల్పు దానికి అడ్డంగా. అంచు కింద లోపలికి గుల్ల ఉంటే "3 గంటల దగ్గర 2 సెం.మీ." అని రాయి. పాదం మీద పుండుకైతే 12 ఎటో వార్డంతా ఒకే మాట మీద ఉండాలి. అడుగున రంగులు వంతుల్లో రాయి: ఎర్ర మాంసం సగం, పసుపు స్లఫ్ (చచ్చిన కండ పొర) పావు, నలుపు పావు. డాక్టరు గారి ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది. షుగర్ కాలి పుండు నాలుగు వారాల్లో విస్తీర్ణంలో సగమైనా తగ్గకపోతే అదే వైద్యంతో మానడం కష్టం, దారి మార్చాలి. కొలవకపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

మడమ మీద ఎండి గట్టిపడిన నల్ల పొరను మాత్రం నీ అంతట నువ్వు లాగొద్దు. ముందు కాలికి రక్తం అందుతోందో లేదో తేలాలి.

ఇంకొకటి. బెడ్ సోర్ (కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు) మొదటి దశ అంటే చర్మం ఎర్రబడటం అని చదువుకున్నాం. మన నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు. నడుము కింద చేత్తో తాకి చూడు. పక్క చర్మం కన్నా వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉంటే అప్పుడే డాక్టరుకి చెప్పు. తోలు లేచేదాకా ఆగితే ఆ మనిషికి నెలల బాధ.

చెయ్యి ఎలా తిరుగుతుందంటే, మా వార్డులో ఇద్దరం ఒకే పుండు చూసి, మాట్లాడుకోకుండా వేర్వేరు చీటీల మీద రాసేవాళ్లం. మొదట్లో ఒకరు 4 సెం.మీ. రాస్తే ఇంకొకరు 5.5. ఎందుకు తేడా వచ్చిందో అక్కడే మళ్లీ కొలిచేవాళ్లం. రెండు నెలలకు దగ్గర పడ్డాయి. ఏ ట్రైనింగూ నాకు ఇంత నేర్పలేదు. ఫొటో తీస్తే రోగి ఒప్పుకున్నాకే, పక్కన కాగితపు స్కేలు పెట్టి, ఆసుపత్రి ఫోన్‌లోనే తియ్యి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దమ్మా.

ఆ పెద్దాయన ఇప్పటికీ చూపించుకోవడానికి వస్తాడు. రెండో కాలు నేనే చూస్తాను, వేళ్ల సందులు, మడమ, స్పర్శ తెలుసుకోవడానికి 10 గ్రాముల మోనోఫిలమెంట్‌ (చర్మానికి ఆనించి చూసే నైలాన్ పోగు)తో సహా.